రాడార్ చూసింది, లెక్కలోకి తీసుకోలేదు

(తక్కువ ఎత్తులో ఎగిరే చిన్న విమానాలు, డ్రోన్లు, వాటిని పసిగట్టే చిన్న రాడార్ల గురించి ఇంజనీరింగ్ విద్యార్థులు, పట్టణ పౌరులు కలిసి హాజరైన సభలో ఒక రాడార్ ఇంజనీరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక హెచ్చరిక. ఈ బల్ల మీద ఒక చిన్న పరికరం పెట్టాను. మధ్యలో దాన్ని ఆన్ చేస్తాను, అది కొంచెం గోల చేస్తుంది. ఫోను మోగిందనుకుని ఎవరూ జేబులు తడుముకోకండి. (నవ్వులు)

2015 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో, అమెరికా చట్టసభల భవనం క్యాపిటల్ ముందున్న పచ్చికలో ఒక జైరోకాప్టర్ దిగింది. పైన తిరిగే రెక్క, వెనక చిన్న ఇంజను, మధ్యలో గాలికి తెరిచి ఉన్న కుర్చీ, అంతే ఆ వాహనం. దాన్ని నడిపినాయన డగ్ హ్యూస్, ఫ్లోరిడాలో ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగి. ఎన్నికల్లో డబ్బు పెత్తనం తగ్గాలని కోరుతూ చట్టసభ సభ్యులకు తలా ఒకటి చొప్పున 535 ఉత్తరాలు వెంట తెచ్చాడు. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో బయల్దేరి, దేశం మొత్తం మీద అతి గట్టి కాపలా ఉన్న ఆకాశంలోంచి తాపీగా వచ్చి దిగాడు. దారిలో ఆపినవాళ్లు లేరు.

మర్నాడు అందరూ అడిగింది ఒకటే. ఇన్ని రాడార్లు పెట్టుకుని ఏం చేస్తున్నారు? ఉత్తర అమెరికా గగనతల రక్షణ చూసే నోరాడ్ సంస్థ అధిపతి అడ్మిరల్ విలియం గోర్ట్నీ చట్టసభ కమిటీ ముందుకు వచ్చి జవాబు చెప్పారు. ఆ జవాబు సారాంశం మీరు జాగ్రత్తగా వినాలి. రాడార్‌లో చుక్క పడింది. కాని ఆ పరిమాణానికి, ఆ వేగానికి, ఆ ఎత్తుకు అది పక్షుల గుంపో, గాలిపటమో, బెలూనో, మబ్బు తునకో తేల్చుకోలేని చుక్క. అలాంటి చుక్కలను వడపోసి పక్కన పెట్టడం ఆ వ్యవస్థకు నేర్పిన పని. నేర్పిన పనే అది చేసింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయమంతా అక్కడే ఉంది. చిన్న విమానం రాడార్‌కు కనబడదు అని పత్రికల్లో రాస్తుంటారు. చాలాసార్లు అది నిజం కాదు. కనబడుతుంది. కనబడినదాన్ని మనం చెత్తలో వేస్తాం. కాబట్టి చిన్న రాడార్ తయారు చేసేవాడి తెలివంతా దేన్ని చెత్తలో వేయాలి, దేన్ని వేయకూడదు అన్నచోట తేలుతుంది.

పాత ఉదాహరణ ఒకటి చూడండి. 1987 మే 28న మథియాస్ రస్ట్ అనే జర్మన్ కుర్రవాడు, పందొమ్మిదేళ్లు నిండటానికి ఇంకా నాలుగు రోజులున్నవాడు, హెల్సింకీలో సెస్నా 172 ఎక్కి మాస్కోలో ఎర్ర కూడలి పక్కన దిగాడు. ఆ రోజు సోవియట్ యూనియన్‌లో సరిహద్దు రక్షకుల దినోత్సవం కూడా. విధి వెక్కిరింత అంటే అదే. రక్షణ మంత్రి సెర్గీ సొకొలోవ్, గగనతల రక్షణ దళాధిపతి అలెగ్జాండర్ కొల్దునోవ్ పదవులు పోగొట్టుకున్నారు. కాని రస్ట్ విమానం రాడార్ తెరల మీద పలుమార్లు కనిపించింది. ఒక యుద్ధ విమానం పైలట్ దాన్ని కళ్లారా చూసి, తెల్లటి చిన్న విమానం వెళ్తోందని కిందికి చెప్పాడు కూడా. దారి పొడవునా ఎవరో ఒకరు అది మనదేలే అనుకున్నారు.

ఇప్పుడు 2023కు వద్దాం. ఆ ఏడాది ఫిబ్రవరి 4న చైనా బెలూన్‌ను అమెరికా తన తూర్పు తీరంలో కూల్చింది. మరుసటి వారంలో, 10, 11, 12 తేదీల్లో, వరసగా మూడు రోజులు మరో మూడు గుర్తు తెలియని వస్తువులను కూల్చారు. ఉన్నట్టుండి ఆకాశం నిండా ఇన్ని వస్తువులు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఎక్కడి నుంచీ కాదు. అప్పటి నోరాడ్ అధిపతి జనరల్ గ్లెన్ వాన్‌హెర్క్ విలేకరులకు చెప్పినది ఇది: రాడార్లలో వేగపు గేట్లు ఉంటాయి, వాటిని సవరించాం. అంటే ఫలానా వేగం కంటే మెల్లగా కదిలేదాన్ని తెర మీదికి రానివ్వని వడపోత. దాన్ని సడలించారు, అప్పటిదాకా లేనివన్నీ వచ్చేశాయి. చేటతో గట్టిగా చెరిగినప్పుడు పొల్లుతో పాటు సన్న గింజ కూడా ఎగిరిపోతుంది. గింజ ధాన్యంలో లేదని అనడానికి వీల్లేదు, చెరిగిన చెయ్యి అలాంటిది.

అలా చెరగకపోతే ఏమవుతుంది? విమానాశ్రయ రాడార్‌ను ఏ వడపోతా లేకుండా నడిపితే తెర మొత్తం తెల్లబడుతుంది. కొండలు, భవనాలు, కరెంటు స్తంభాలు, రోడ్డు మీద లారీలు, ఊగే చెట్లు, వాన, పక్షులు, అన్నీ ప్రతిధ్వని ఇచ్చేవే. కంట్రోలర్‌కు కావలసింది రెండు వందల మంది ప్రయాణికులున్న విమానం. ఆయనకు కొంగల బారు చూపించి ఉపయోగం లేదు. కనుక కదలనిదాన్ని తీసేయ్, మెల్లగా కదిలేదాన్ని తీసేయ్, బలహీనమైనదాన్ని తీసేయ్ అని కంప్యూటర్‌కు చెబుతాం. చిన్న డ్రోన్ దురదృష్టం ఏమిటంటే, మెల్లగా కదలడం, బలహీనంగా ఉండటం, నేలకు దగ్గరగా ఉండటం, మూడు నేరాలూ దానివే.

ఒకరికి చెత్త మరొకరికి సరుకు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాడార్ల మీద ఎవరికీ అంతుబట్టని చుక్కలు కనిపించేవి. ఆపరేటర్లు వాటికి దేవదూతలు అని పేరు పెట్టుకున్నారు. డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అవి పక్షులని 1945లో ప్రకటించారు. అక్కడి నుంచి పక్షుల వలసలను రాడార్‌తో చూసే శాస్త్రమే పుట్టింది. మన దగ్గరికి వస్తే, తిరుపతి సమీపంలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే, వాతావరణపు పొరలను చూసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. నేల మీద పరచిన 1024 యాగీ యాంటెన్నాలు, అన్నీ ఆకాశం వైపు చూసేవే. దానికి కావలసింది గాలి. అలా గాలిని కొలిచే రాడార్లకు దారిన పోయే విమానం, పక్షి రెండూ అడ్డంకులే. మనం వెతికే సరుకును వాళ్లు తుడిచేస్తారు, వాళ్ల సరుకు మనకు అక్కర్లేదు. అదే భౌతిక శాస్త్రం, అదే ప్రతిధ్వని.

సరే, చిన్న రాడార్ అసలు ఎలా సాధ్యమో చూద్దాం. విద్యార్థులకు రాడార్ సమీకరణం పాఠంలో ఉంటుంది. అందులో దూరం నాలుగో ఘాతంలో ఉంటుంది. దూరం రెట్టింపయితే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. ఇది చూసి అందరూ బెంబేలెత్తుతారు. నేను మాత్రం దీన్ని చిన్న రాడార్‌కు దొరికిన వరం అంటాను. ఎందుకంటే లెక్కను వెనక్కి తిప్పి చూడండి. 100 కిలోమీటర్లు చూడాల్సిన రాడార్ 1 కిలోమీటరు చూస్తే చాలనుకుంటే, అదే యాంటెన్నాతో కావలసిన శక్తి పది కోట్ల రెట్లు తగ్గుతుంది. మెగావాటు పని వాటులో వందో వంతుతో అయిపోతుంది. అసలు సంగతిలో యాంటెన్నా కూడా చిన్నదవుతుంది కనుక ఆ లాభంలో కొంత పోతుంది. పోగా మిగిలినది కూడా తక్కువేమీ కాదు.

లక్ష్యం చిన్నదైనా ఇదే లెక్క మనల్ని కొంత కాపాడుతుంది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం రాడార్‌కు సుమారు ఒక చదరపు మీటరు లక్ష్యంగా కనిపిస్తుంది, అరచేతులు రెండు చాపినంత డ్రోన్ చదరపు మీటరులో వందో వంతు. దీన్నే క్రాస్ సెక్షన్ అంటాం. ప్రతిధ్వని వంద రెట్లు పడిపోయింది. కాని కనబడే దూరం తగ్గేది మూడు రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. చిన్న విమానాన్ని 10 కిలోమీటర్ల దగ్గర పట్టే రాడార్ ఆ డ్రోన్‌ను 3 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. మరీ అన్యాయం కాదు కదా.

అసలు అన్యాయం భూమి గుండ్రంగా ఉండటంలో ఉంది. 10 మీటర్ల స్తంభం మీద యాంటెన్నా పెడితే, 9 కిలోమీటర్ల ఎత్తున వెళ్లే విమానం దాదాపు 400 కిలోమీటర్ల దూరం నుంచీ దిగంతం మీదికి వస్తుంది. 30 మీటర్ల ఎత్తున ఎగిరేది 35 కిలోమీటర్ల లోపుకు వస్తేనే కనబడుతుంది. అదీ అరచేయిలాంటి మైదానంలో, చెట్టూ పుట్టా లేనప్పుడు. వైశాల్యాల నిష్పత్తి కట్టండి. ఎత్తున పోయేదానికి ఒక్క రాడార్ చాలిన చోట, నేలను రాసుకుంటూ పోయేదానికి నూటికి పైగా కావాలి. బ్రిటన్ వాళ్లకు ఇది 1939లోనే తెలిసొచ్చింది. వాళ్ల చైన్ హోమ్ రాడార్ల కింద నుంచి విమానాలు జారిపోతుంటే, చైన్ హోమ్ లో అనే మరో గొలుసును మీటరున్నర తరంగదైర్ఘ్యంతో వేసుకున్నారు. వంద పెద్ద రాడార్లు ఎవరూ కొనలేరు. అందుకే చిన్నవి, చవకవి, ఎక్కువ సంఖ్యలో కావాలి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. పెద్ద రాడార్‌కు తన నడినెత్తి కనబడదు. దాని కిరణం దిగంతం వైపు చూస్తూ తిరుగుతుంది, నేరుగా పైన ఒక శంకువు ఆకారంలో గుడ్డి చోటు మిగిలిపోతుంది. కనుక చిన్న రాడార్‌ను వెల్లకిలా పడుకోబెట్టి ఆకాశం వైపు చూపిస్తే ఎలా ఉంటుంది? ఒక్కసారిగా కొండలు, లారీలు, చెట్లు అన్నీ చూపు నుంచి తప్పుకుంటాయి. పైన ఖాళీ. ఖాళీలో ఏది కదిలినా వార్తే. నాకు ఈ అమరిక మీద మొదటి నుంచీ మమకారం ఉంది, దాచుకోను. అయితే దీనిలోనూ ఒక తిరకాసు ఉంది. అది చూపించడానికే ఈ పరికరం తెచ్చాను.

(పరికరాన్ని ఆన్ చేశారు)

ఇది 10.525 గిగాహెర్ట్జ్ మాడ్యూలు. మనిషి రాగానే తెరుచుకునే తలుపుల్లో వాడే రకం, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఇది పంపిన తరంగం, తగిలి తిరిగొచ్చిన తరంగం, రెండింటి తేడాను ఒక యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి స్పీకరుకు ఇచ్చాను. ఇప్పుడు చెయ్యి దగ్గరికి తెస్తున్నాను. వినిపించిందా, ఆ లోగొంతు గురగుర? సెకనుకు మీటరు వేగానికి 70 హెర్ట్జ్ వస్తుంది. చెయ్యి ఆపాను, శబ్దం ఆగింది. చెయ్యి అక్కడే ఉంది, కాని దీని దృష్టిలో లేదు. కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే ఈ తేడానే డాప్లర్ అంటారు.

ఇప్పుడు వేదిక మీది సీలింగ్ ఫ్యాన్‌కు, ఈ మూల నుంచి, పక్కవాటుగా చూపిస్తున్నాను. ఆ సన్నటి రొద వినండి. రెక్క కొస సెకనుకు పద్దెనిమిది మీటర్ల వేగంతో ఒకసారి మనవైపు వస్తోంది, ఒకసారి వెనక్కి పోతోంది. వెయ్యి హెర్ట్జ్ దాటిన శబ్దం అది. ఇప్పుడు సరిగ్గా ఫ్యాన్ కిందికి వచ్చి నిటారుగా పైకి ఎత్తుతున్నాను. ఏమైంది? దాదాపు మూగబోయింది. ఫ్యాన్ ఆగలేదు, మీకు గాలి తగులుతూనే ఉంది. కాని కింద నుంచి చూస్తే రెక్కలో ఏ బిందువూ నాకు దగ్గర కావడం లేదు, దూరం కావడం లేదు, ఒకే దూరంలో గుండ్రంగా తిరుగుతోంది. రాడార్‌కు వేగం అంటే దగ్గరవడమో దూరమవడమో, అంతే. అడ్డంగా పోయేది దానికి నిలబడినట్టే లెక్క.

నడినెత్తిన ఎగిరే డ్రోన్‌కూ ఇదే జరుగుతుంది, రెండు విధాలుగా. మొదటిది మొత్తం డ్రోన్. 100 మీటర్ల ఎత్తున సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. వాలుగా 45 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు 24 గిగాహెర్ట్జ్ రాడార్‌లో 1700 హెర్ట్జ్ డాప్లర్ ఇస్తుంది. నెత్తి మీదికి వచ్చేకొద్దీ అది తగ్గుతూ, సరిగ్గా పైన సున్నా అయి, దాటగానే గుర్తు మార్చుకుని మళ్లీ పెరుగుతుంది. అంటే మనకు అతి దగ్గరగా ఉన్న క్షణంలోనే అది కదలనట్టు కనిపిస్తుంది. రెండోది దాని పంకాలు. వాటి కొసలు సెకనుకు 60, 70 మీటర్ల వేగంతో తిరుగుతాయి, పక్క నుంచి చూస్తే అద్భుతమైన గుర్తు. కింద నుంచి చూస్తే ఫ్యాన్ కథే.

పెద్ద రాడార్ అలవాటు ప్రకారం కదలనిదాన్ని తీసేయ్ అనే సూత్రం ఇక్కడ పెట్టామా, డ్రోన్ సరిగ్గా నెత్తిమీద ఉన్నప్పుడు మాయమవుతుంది. పాత పద్ధతిని గుడ్డిగా తెచ్చి కొత్తచోట పెట్టిన చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పైన కొండలూ లారీలూ లేనప్పుడు సున్నా వేగాన్ని తుడవాల్సిన అవసరమేముంది? ఖాళీ ఆకాశాన్ని ముందు కొంతసేపు నమోదు చేసి పెట్టుకుని, దాంట్లోంచి తేడా తీస్తే చాలు. కదలని డ్రోన్ కూడా దొరుకుతుంది.

ఇంతవరకూ చూపించిన మాడ్యూలు వేగం చెబుతుంది, దూరం చెప్పదు. దూరం కావాలంటే తరంగం మీద ఏదో ఒక గుర్తు వేయాలి. పెద్ద రాడార్లు కళ్లు తిరిగే శక్తితో తరంగపు చిన్న తునకను (పల్స్) పంపి, అది తిరిగి వచ్చే సమయం లెక్కిస్తాయి. చిన్నవి ఆ పని చేయలేవు, చేయాల్సిన అవసరమూ లేదు. ఇవి ఆపకుండా ప్రసారం చేస్తూనే ఉంటాయి, కాని ఫ్రీక్వెన్సీని నిలకడగా పెంచుకుంటూ పోతాయి. ఒక మిల్లీసెకనులో 250 మెగాహెర్ట్జ్ పెంచామనుకుందాం. 120 మీటర్ల ఎత్తున ఉన్న డ్రోన్ నుంచి ప్రతిధ్వని రావడానికి 0.8 మైక్రోసెకను పడుతుంది. ఈలోగా మన ప్రసారం 2 లక్షల హెర్ట్జ్ ముందుకెళ్లిపోయింది. వచ్చినదాన్ని, పోతున్నదాన్ని కలిపితే ఆ 2 లక్షల హెర్ట్జ్ తేడా బయటపడుతుంది. దూరం నేరుగా ఫ్రీక్వెన్సీగా మారిపోయింది. దాన్ని విడదీయడం ఈ రోజుల్లో ఏ చిన్న ప్రాసెసరుకైనా చిటికెలో పని. 250 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 60 సెంటీమీటర్ల తేడాను విడిగా చూడగలం. కార్ల ముందు భాగంలో అమర్చే 77 గిగాహెర్ట్జ్ రాడార్లూ ఇలా పనిచేసేవే. కార్ల పుణ్యమా అని ఈ చిప్పులు లక్షల్లో తయారై ధర దిగివచ్చింది.

కిరణం ఎంత వెడల్పు ఉండాలన్నది బేరం లాంటి వ్యవహారం. 60 డిగ్రీల వెడల్పు పెడితే 100 మీటర్ల ఎత్తున 115 మీటర్ల మేర కనబడుతుంది. ఆ డ్రోన్ దాన్ని ఎనిమిది సెకన్ల లోపే దాటేస్తుంది. తక్కువ సమయమే, కాని తిరిగే విమానాశ్రయ రాడార్ నాలుగైదు సెకన్లకు ఒకసారి ఒక్క చూపు చూస్తుంది. మనది కన్నార్పకుండా చూస్తుంది, సెకనుకు ఇరవై సార్లు లెక్క కట్టినా నూటయాభై చూపులు. కిరణం సన్నగా చేస్తే దూరం పెరుగుతుంది, చూసే మేర తగ్గుతుంది. మూడు ప్రసార యాంటెన్నాలు, నాలుగు గ్రాహకాలు తెలివిగా అమర్చి పన్నెండు యాంటెన్నాల ఫలితం రాబట్టే పద్ధతి ఉంది, దానితో ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. దాని వివరాలు ఇప్పుడు వద్దు, భోజనాల వేళ దాటిపోతుంది.

ఆకాశం ఖాళీ అన్నాను. పూర్తిగా కాదు. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి, మీకు తెలుసు. 24 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సెంటీమీటరుంపావు, ఉసిలి ఒళ్లు దానికి దగ్గరి కొలతే. మళ్లీ ఆ నాలుగో ఘాతం గుర్తు తెచ్చుకోండి. 5 మీటర్ల దగ్గర ఎగిరే పురుగుకు 100 మీటర్ల దగ్గర ఉన్న డ్రోన్ కంటే 1,60,000 రెట్లు అనుకూలం. లక్ష రెట్లు చిన్న పురుగు కూడా డ్రోన్‌ను మించి అరుస్తుంది. దూరం కొలవగల రాడార్ అయితే 20 మీటర్ల లోపు వచ్చినదాన్ని నమ్మకు అని ఒక గీత గీయవచ్చు. దూరం కొలవని మాడ్యూలు పెట్టినవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

పక్షులతో ఇంత సులువు కాదు. కాకి, డ్రోన్ రాడార్‌కు దాదాపు ఒకే కొలత, ఒకే ఎత్తు, ఒకే వేగం. కాకి సెకనుకు నాలుగైదు సార్లు రెక్క కొడుతుంది, ఆ లయ ప్రతిధ్వని మీద అచ్చుపడుతుంది. డ్రోన్ పంకాలది పూర్తిగా వేరే ముద్ర. ఈ తేడాను సూక్ష్మ డాప్లర్ అంటారు, ఈ రంగంలో పరిశోధన పత్రాలన్నీ దీని చుట్టూనే తిరుగుతున్నాయి. కాని గద్ద రెక్క కదపకుండా గాలిలో తేలుతూ అరగంట తిరుగుతుంది. పంకాలు ప్లాస్టిక్‌వి, వాటి ప్రతిధ్వని పలచన. ఇక నడినెత్తిన అయితే ఫ్యాన్ సంగతి చూశారుగా. అందుకే ఒక్క రాడార్‌ను నిటారుగా పెట్టి ఊరుకోకుండా, దూరంగా రెండోదాన్ని వాలుగా పెట్టి, రెండింటినీ కలిపి చూడమని నేను గట్టిగా చెబుతాను. ఒకదానికి మూగబోయింది రెండోదానికి వినబడుతుంది. నెదర్లాండ్స్‌లో రాబిన్ రాడార్ అనే సంస్థ పక్షులను చూసే రాడార్లతో మొదలై ఇప్పుడు డ్రోన్ రాడార్లు అమ్ముతోంది. పక్షిని బాగా తెలిసినవాడికే పక్షి కానిదేదో తెలుస్తుందన్నది సహజమే.

నమ్మదగిన పరికరం లేకపోతే ఏమవుతుందో 2018 డిసెంబరులో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో చూశాం. 19వ తేదీ రాత్రి డ్రోన్ కనిపించిందని కబురొచ్చింది. రన్‌వే మూసేశారు. తెరవబోతే మళ్లీ కనిపించిందని మరొకరు. క్రిస్మస్ రద్దీలో సుమారు వెయ్యి విమానాలు, లక్షా నలభై వేల మంది ప్రయాణికులు చిక్కుకున్నారు. చివరికి డ్రోన్ దొరకలేదు, ఎవరి మీదా అభియోగం మోపలేదు. కళ్లతో చూశామన్నవాళ్ల మాట తప్ప అక్కడ ఇంకేమీ లేదు. రాత్రిపూట దూరపు దీపాన్ని చూసి దూరం చెప్పగలిగే మనిషి ఇంకా పుట్టలేదు.

మన దేశంలో ఈ విషయం అందరి నోళ్లలో నానింది 2021 జూన్ 27న. జమ్మూ వైమానిక దళ స్థావరం మీద అర్ధరాత్రి దాటాక కొద్ది నిమిషాల తేడాతో రెండు పేలుళ్లు జరిగాయి, డ్రోన్లతో జారవిడిచిన పేలుడు పదార్థాలు అవి. ఒక భవనం కప్పు దెబ్బతింది, ఇద్దరికి స్వల్ప గాయాలు. నష్టం చిన్నదే, అది చెప్పిన సంగతి పెద్దది.

తక్కువ ఎత్తు సమస్య మీద మనవాళ్లు అంతకు ముందే పనిచేస్తున్నారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు బెంగళూరులో ఉన్న ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ తన రాడార్లకు నక్షత్రాల పేర్లు పెడుతుంది. రోహిణి, రేవతి, ఆరుద్ర, అశ్విని, భరణి, ఆశ్లేష. (నవ్వులు) వీటిలో భరణి మన కథకు దగ్గరిది. కొండల్లో, రోడ్డు లేని చోట్లకు విడగొట్టి మోసుకెళ్లి, బ్యాటరీతో నడిపే తేలికపాటి రాడార్. లోయలో నక్కి వచ్చే హెలికాప్టరును, మానవరహిత విమానాన్ని 40 కిలోమీటర్ల వరకూ చూడటానికి రూపొందించారు. ఆశ్లేష అయితే ఎత్తు కూడా చెబుతుంది. డ్రోన్ల కోసమే చేసిన డీ4 వ్యవస్థలో రాడార్, కెమెరా, రేడియో సంకేతాలు పట్టే గ్రాహకం, ఆ సంకేతాలను అడ్డుకునే జామర్, లేజర్ కలిసి ఉంటాయి. దాని పనిలో హైదరాబాద్ ప్రయోగశాలలు డీఎల్‌ఆర్‌ఎల్, చెస్ పాలుపంచుకున్నాయి. అదే చెస్ వాళ్లు 2025 ఏప్రిల్ 13న మన కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో 30 కిలోవాట్ల లేజర్‌తో ఎగిరే డ్రోన్‌ను కాల్చి చూపించారు. పత్రికలన్నీ లేజర్ ఫొటో వేశాయి. లేజర్‌కు ఎటు గురిపెట్టాలో ముందు ఎవరో చెప్పాలి కదా, వాళ్ల ఫొటో మాత్రం ఎవరూ వేయరు. మా వృత్తి గోడు అది, వదిలేయండి.

విద్యార్థులు ఇందులో చెయ్యి పెట్టి చూడాలనుకుంటే మంచి దారి ఉంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2011లో గ్రెగరీ చార్వాట్ ఆధ్వర్యంలో ఒక చిన్న కోర్సు నడిపి, పాఠాలన్నీ ఉచితంగా నెట్‌లో పెట్టారు. రెండు ఖాళీ కాఫీ డబ్బాలే యాంటెన్నాలు, 2.4 గిగాహెర్ట్జ్ ప్రసారం, సంకేతం నేరుగా ల్యాప్‌టాప్ ఆడియో సాకెట్‌లోకి. దానితో వేగం, దూరం రెండూ కొలుస్తారు. రాడార్ అంటే భయం పోవడానికి దాన్ని మించిన మందు లేదు.

అసలు మన సొంత ప్రసారమే లేకుండా కూడా రాడార్ చేయవచ్చు. 1935 ఫిబ్రవరి 26న బ్రిటన్‌లో డావెంట్రీ దగ్గర వాట్సన్ వాట్, విల్కిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసింది అదే. బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారం ఒక హేఫోర్డ్ విమానానికి తగిలి చెదరడాన్ని వ్యానులో కూర్చుని చూశారు, సుమారు 13 కిలోమీటర్ల దాకా అందింది. ఈ రోజు మన ఆకాశవాణి ఎఫ్ఎం ప్రసారంతోనూ అది సాధ్యమే. చిన్న విమానాలకు బాగానే పనిచేస్తుంది. డ్రోన్‌కు మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎఫ్ఎం తరంగదైర్ఘ్యం 3 మీటర్లు, డ్రోన్ మూరెడు కూడా ఉండదు. తరంగం దాన్ని పట్టించుకోకుండా సాగిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఇలాంటిది మా ఇంటి డాబా మీద పెట్టుకోవచ్చా?)

చూడటం వేరు, ప్రసారం చేయడం వేరు, అడ్డుకోవడం మరీ వేరమ్మా. ప్రసారం చేసే ఏ పరికరానికైనా టెలికమ్యూనికేషన్ల శాఖలో రేడియో తరంగాల వాడకాన్ని చూసే డబ్ల్యూపీసీ విభాగం నిబంధనలు వర్తిస్తాయి. ఏ బ్యాండు, ఎంత శక్తి, లైసెన్సు మినహాయింపు ఉందా లేదా అన్నది కొనేముందే చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నంత మాత్రాన అది ఇక్కడ చెల్లుతుందని కాదు. జామర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు, ప్రైవేటు వ్యక్తులకు అది నిషిద్ధం. ఇక కనబడిన ప్రతి డ్రోనూ దొంగది కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకూ ముందస్తు అనుమతి లేకుండానే ఎగరేయవచ్చు. పక్కింటి పొలంలో మందు కొట్టే డ్రోన్‌ను చూసి పోలీసులకు ఫోను చేయకండి. (నవ్వులు)

(ఒక శ్రోత: విమానాల యాప్‌లో అన్నీ కనిపిస్తున్నాయి కదండీ, మళ్లీ రాడార్ ఎందుకు?)

మంచి ప్రశ్న అండి. ఆ యాప్‌లో కనిపించేవి తమ పేరు, ఎత్తు, స్థానం తామే 1090 మెగాహెర్ట్జ్ మీద చెప్పుకుంటూ పోయే విమానాలు. చెప్పుకోనిది ఆ యాప్‌లో లేదు. హ్యూస్ చెప్పుకుంటూ వచ్చి ఉంటే నాకు ఈ రోజు మొదటి ఉదాహరణ ఉండేది కాదు. రాడార్‌కు ఎదుటివాడి సహకారం అక్కర్లేదు, తేడా అదే.

(మరో విద్యార్థి: వానలో ఇది పనిచేస్తుందా సార్?)

చిన్న యాంటెన్నా కావాలంటే తరంగదైర్ఘ్యం తగ్గించాలి, తగ్గించిన కొద్దీ వాన పగ పడుతుంది. చినుకుల ప్రతిధ్వని బలం, ఫ్రీక్వెన్సీకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 నుంచి 24 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే ముప్పై రెట్లు దాటుతుంది. పైగా వెల్లకిలా ఉన్న రాడార్ వైపు చినుకులు నేరుగా దిగుతుంటాయి, సెకనుకు ఆరేడు మీటర్లు, అంటే చక్కగా డ్రోన్ వేగంలోనే. వృత్తాకార ధ్రువణంతో, అంటే తరంగం మెలితిరుగుతూ సాగేలా, ప్రసారం చేస్తే గుండ్రటి చినుకుల ప్రతిధ్వని చాలావరకు వడకట్టవచ్చు, దానికి యాంటెన్నా ఖర్చు పెరుగుతుంది. యాంటెన్నా మూత మీద నీళ్లు నిలవకుండా వాలు పెట్టాలి, మూత మీది నీటి పొర చినుకుల కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇవన్నీ చేసినా జోరువానలో దూరం సగానికి పడిపోతుంది. చిన్న డ్రోన్లు కూడా జోరువానలో ఇంట్లోనే ఉంటాయి కనుక ఆ పూటకు ఇద్దరికీ సెలవే.